విండోస్ అప్‌డేట్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2017లో కొన్న మా ఇంటి కంప్యూటర్‌లో ఏడో తరం ఐ5 ప్రాసెసర్, విండోస్ 10 ఉన్నాయి. ఇది విండోస్ 11కు పనికిరాదని తెరమీద చూపిస్తోంది. యాంటీవైరస్‌కు ఏటా డబ్బు కడుతున్నాము, యంత్రమూ చక్కగానే నడుస్తోంది. అప్‌డేట్లు రాకపోతే వచ్చే నష్టమేమిటి? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: యంత్రం చక్కగా నడుస్తున్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్లు కాదు. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం, మన గడియారం ప్రకారం రాత్రి పది దాటాక, ప్యాచ్‌లను, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లను, విడుదల చేస్తుంది. ప్యాచ్‌కు ముందున్న ఫైలునూ తర్వాతి ఫైలునూ పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో నేరగాళ్లు కనిపెట్టగలరు కనుక, ప్యాచ్ వచ్చిన తర్వాత దానిని వేసుకోని కంప్యూటర్లకే ముప్పు ఎక్కువ. 2017 మే 12న విరుచుకుపడిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) వాడుకున్న లోపానికి ప్యాచ్ అంతకు దాదాపు రెండు నెలల ముందే, మార్చి 14న, వచ్చింది. అయినా బ్రిటన్‌లో ఆసుపత్రులు చికిత్సలను వాయిదా వేసుకోవలసి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఎవరూ ఏ లింకునూ నొక్కకపోయినా అది నెట్‌వర్క్ గుండా ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకింది. యాంటీవైరస్ హానికరమైన ఫైళ్లను పట్టుకోగలదు గాని, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉన్న లోపాన్ని పూడ్చలేదు.

విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉంటే, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి పొడిగింపు పథకంలో చేరి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్‌ను ఆన్ చేస్తే దీనికి రుసుము లేదు. ఆ గడువు తర్వాత విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, మీ ప్రింటరూ తెలుగు టైపింగూ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. అనధికారిక మార్గాల్లో విండోస్ 11 ఎక్కించి ఇస్తామనే దుకాణాలు ఉన్నాయి. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు కనుక ఆ ఖర్చు వద్దనే నా సలహా.

ప్రశ్న: మేము ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ల్యాప్‌టాప్ వాడతాము. డేటా అయిపోతోందని అప్‌డేట్లు ఆపేయవచ్చా?

జవాబు: పూర్తిగా ఆపవద్దు. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) పెట్టుకుంటే చాలావరకు అప్‌డేట్లు వాటంతట అవి దిగవు. నెలకొకసారి బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంట్లోనో మరెక్కడో వాటిని దించుకోండి. నెలవారీ అప్‌డేట్‌లో అంతకు ముందువి కూడా కలిసే ఉంటాయి కనుక, ఒక నెల తప్పినా రెండింటినీ విడివిడిగా దించుకోనక్కరలేదు.