కంప్యూటర్‌లోంచి ఫోన్ చేసేటప్పుడు

అమ్మాయీ,

కంప్యూటర్ నుంచి ఫోన్ మాట్లాడాలంటే ముందు మంచి హెడ్‌సెట్ చూసుకో, తక్కినవన్నీ తర్వాత. స్పీకర్లలో మోగే అవతలివాళ్ల గొంతు మళ్లీ నీ మైకులో దూరితే వాళ్ల మాట వాళ్లకే తిరిగి వినిపిస్తుంది. ఆ సంగతి నీకు తెలియనే తెలియదు, విసుక్కునేది వాళ్లు. నీ గొంతు నీకే తిరిగొస్తోందా? లోపం సాధారణంగా అటువైపే ఉంటుంది, నీ సెట్టింగులు కెలక్కు. హెడ్‌సెట్ వైరున్న యూఎస్‌బీదైతే మేలు. బ్లూటూత్ వాటిలో చాలావరకు మైకు ఆన్ కాగానే శబ్దం నాణ్యత పడిపోతుంది.

నెట్ స్పీడు గురించి బెంగ వద్దు. పాత జీ.711 కోడెక్‌కు (గొంతును డేటాగా మార్చే పద్ధతి) కూడా, ప్యాకెట్ల (మాటను మోసే చిన్న డేటా ముక్కలు) చిరునామా వగైరా హంగుతో కలిపి ఒక్కో దిశలో సెకనుకు 87 కిలోబిట్లు చాలు; ఓపస్ అనే కొత్త కోడెక్ అంతకన్నా తక్కువతో నెట్టుకొస్తుంది. అసలు చిక్కు ప్యాకెట్ల రాకలో ఉంది. మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా వెళ్తుంది. ఆ ముక్కలు ఒకటి ముందూ ఒకటి వెనకా చేరితే గొంతు గరగరలాడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటేకొద్దీ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతుంటారు. అందుకే వైఫై వదిలేసి లాన్ కేబుల్ పెట్టు. కాల్ నడుస్తుండగా పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ చెయ్యకు; వాటి వెనక నీ మాట రౌటర్‌లో వరసలో నిలబడుతుంది.

ఇద్దరి దగ్గరా ఒకే యాప్ ఉంటే పనేమీ లేదు. మామూలు ఫోన్ నంబర్లకు చెయ్యాలంటే సిప్ (నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) ఖాతా కావాలి, దానికి లిన్‌ఫోన్ లాంటి సాఫ్ట్‌ఫోన్, అంటే కంప్యూటర్‌లో ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాం కావాలి. సర్వీసువాళ్లిచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ పేరు అందులో నింపు. పోర్టు (సర్వర్‌లో తట్టాల్సిన తలుపు నంబరు) మామూలుగా 5060, టీఎల్ఎస్ (కాల్ కలిపే సందేశాలను గుట్టుగా పంపే పద్ధతి) పెట్టుకుంటే 5061. ‘రిజిస్టర్డ్’ అని కనిపించాకే డయల్ చెయ్యి. ముందు వాళ్ల ఎకో టెస్ట్ నంబరుంటే దానికి చేసి నీ గొంతు ఎలా ఉందో విను.

అవతలివాళ్లకు ఏమీ వినపడకపోతే మొదట విండోస్‌లో మైకు అనుమతి చూడు. యాప్ వేరే మైకును పట్టుకుని కూర్చుందేమో కూడా చూడు. అవి బాగానే ఉన్నా మాట ఒకవైపే వెళ్తోందంటే, లేదా ఎత్తిన కాల్ ప్రతిసారీ 32 సెకన్లకు తెగుతోందంటే, రౌటర్‌ని అనుమానించాలి. 32 సెకన్లకు తెగుతోందంటే, కాల్ ఎత్తినట్టు చెప్పే జవాబుకు రావలసిన ధ్రువీకరణ దారిలో తప్పిపోయి ఉంటుంది. రౌటర్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ (సిప్ సందేశాల్లో చిరునామాలు మార్చే సదుపాయం) ఆపేసి, సాఫ్ట్‌ఫోన్‌లో స్టన్ సర్వర్ (నెట్‌లో నీ బయటి చిరునామా ఏదో చెప్పేది) పెట్టి చూడు. సాయం చేస్తానని వచ్చి చెడగొట్టే సౌకర్యం ఆ ఏఎల్‌జీ.

సిప్ పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టు, ఖాతాలో డబ్బు కొద్దిగానే ఉంచు. పాస్‌వర్డ్ దొరికినవాడు రాత్రికి రాత్రే ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేసి ఖాతా ఊడ్చేస్తాడు. ఆటో రీచార్జ్ జోలికి అసలు పోకు.

అత్యవసర కాల్స్‌కు మాత్రం మామూలు మొబైల్ పక్కనే ఉంచుకో. చాలా సర్వీసుల్లో ఆ నంబర్లు కలవవు. కలిసినా నువ్వెక్కడున్నావో అవతలివాళ్లకు తెలియకపోవచ్చు.