అబట్‌మెంట్ ఒకసారి బిగించాక మళ్లీ విప్పనివ్వకండి

మీ ప్రశ్న: "కింది దవడలో ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. క్యాప్ కొలతల కోసం అబట్‌మెంట్ విప్పి బిగించిన ప్రతిసారీ చిగురు నుంచి రక్తం వస్తోంది. ఎముకకు నష్టమా? ఏ కంపెనీది పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు?"

కంపెనీ సంగతి తర్వాత. అబట్‌మెంట్ అంటే దవడ ఎముకలో దించిన ఇంప్లాంట్ స్క్రూకూ, పైన వేసే క్యాప్‌కూ (పన్ను తొడుగుకూ) మధ్య బిగించే ముక్క. నేను డాక్టరును కాను, హనుమకొండలో డెంటల్ ల్యాబ్ నడుపుతున్నాను. మీ నోట్లోకి వెళ్లే అబట్‌మెంట్ ముందు నా బల్ల మీదికి వస్తుంది కాబట్టి దాని బాగోగులు డాక్టర్ల కన్నా నాకే బాగా తెలుసు.

నష్టమే. రక్తం వచ్చిందంటే అంటుకున్న చిగురు తెగినట్టే. సొంత పంటికైతే చిగురు నారలు వేరు పైపొరలోకి దిగి పట్టుకుంటాయి. ఇంప్లాంటుకు ఆ భాగ్యం లేదు, నారలు లోహం పక్క నుంచి పోతాయి తప్ప లోపలికి దిగవు. ఎముకకు బ్యాక్టీరియా తగలకుండా కాపాడేది ఆ బలహీనమైన అతుకే. తెంపినప్పుడల్లా అది ఇంకాస్త కింద అతుక్కుంటుంది, దానికి చోటిస్తూ ఎముక తగ్గుతుంది. 1997లో స్వీడన్ పరిశోధకులు కుక్కల్లో కొన్ని అబట్‌మెంట్లను కదపకుండా ఉంచి, కొన్నింటిని పలుమార్లు విప్పి బిగించి చూశారు. విప్పిన చోటే ఎముక ఎక్కువ తగ్గింది.

మనుషుల్లో ఆ తేడా మిల్లీమీటరులో ఏవో కొన్ని పదో వంతులేనని డాక్టర్లు తీసిపారేస్తారు. మొదటి ఏడాది దాటాక సంవత్సరానికి 0.2 మిల్లీమీటరుకు మించి ఎముక తగ్గకూడదని 1986లో కొలబద్ద పెట్టుకున్నదీ ఆ వృత్తివాళ్లే. మరి ఒక ఏడాది ఎముకను కొలతల పేరుతో ముందే ఖర్చు చేయడం దేనికి?

మా చిన్నమ్మది పరకాల. ఎడమవైపు దవడ పన్ను పోతే ఇక్కడే ఒక క్లినిక్‌లో ఇంప్లాంట్ వేయించింది. మేడారం జాతర నాటికి క్యాప్ పడాలని, బంగారం రెండు వైపులా నమలాలని ఆమె పట్టు. (జాతరలో బంగారం అంటే బెల్లమని వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.) అబట్‌మెంట్ విప్పి, చిన్న కవర్లో వేసి నాకు పంపారు. ఎండిన రక్తం దాని మీదే ఉంది. మెటల్ ట్రయల్‌కు (క్యాప్ లోపలి లోహపు తొడుగు సరిపోతుందో లేదో చూడటానికి) ఒకసారి వెళ్లింది, ఎత్తు ఎక్కువైందని తిరిగి వచ్చింది, రంగు కుదరలేదని మళ్లీ వచ్చింది. ఇంతలో జాతర. బస్సులన్నీ మేడారానికే, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లూ అటే. అబట్‌మెంట్ నా బల్ల మీద, హీలింగ్ క్యాప్ (అబట్‌మెంట్ వచ్చేదాకా ఇంప్లాంటుకు బిగించే తాత్కాలిక మూత) ఆమె నోట్లో.

"చీర కుచ్చిళ్లలా ఎన్నిసార్లు విప్పి సర్దుతారురా?" అని చిన్నమ్మ ఫోనులో నా మీదే లేచింది.

ల్యాబ్‌లో అబట్‌మెంట్ ఎన్ని చేతులు మారుతుందో మీరు ఊహించలేరు. ప్లాస్టర్ పొడి, పాలిషింగ్ పేస్టు, వేళ్ల జిడ్డు అన్నీ దానికి అంటుకుంటాయి. నేను ఆవిరితో కడిగి, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో ఆడించి పంపుతాను. అలా చేయని ల్యాబులు ఎన్నో ఉన్నాయి. అవతల క్లినిక్‌లో స్పిరిట్ దూదితో తుడిచి బిగించేస్తారు. భూతద్దం కింద చూస్తే స్క్రూ గాడుల సందుల్లో మురికి అలాగే కనిపిస్తుంది. ఒకరి నోట్లో వాడిన హీలింగ్ క్యాప్‌ను ఆటోక్లేవ్ చేసి ఇంకొకరికి పెట్టడం మరో దరిద్రం. వేడికి సూక్ష్మజీవులు చస్తాయి, పట్టిన ప్రోటీన్ పొర మాత్రం పూర్తిగా పోదు. పదివేలు తగ్గించమని బేరమాడే పేషెంట్లు ఇది మాత్రం అడగరు.

ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో చిన్నమ్మ ఇంప్లాంట్ పైభాగంలోని స్క్రూ గాడులు ఎముక బయట కనిపించాయి, అంటే అక్కడ ఎముక అంత తగ్గిందన్నమాట. ఆమెకు షుగర్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ తర్వాత కుడివైపు వేయించుకున్న ఇంప్లాంటుకు వేరే డాక్టరు ఆపరేషన్ రోజే అసలు అబట్‌మెంట్ బిగించి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా పైనుంచే కొలతలు తీసుకున్నారు. అదే నోరు, అదే షుగర్, అదే వక్కపలుకుల నమలడం. అటు ఎముక దిట్టంగా ఉంది. నాకు ఈ సాక్ష్యం చాలు.

మీ విషయంలో ఇప్పటికే విప్పారు కాబట్టి, ఇకనైనా ట్రయల్స్ అన్నీ ఒకే సిట్టింగ్‌లో ముగించమనండి. చివరిసారి టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో), కంపెనీ చెప్పిన బలంతో బిగించారా అని అడగండి. చాలా వాటికి అది 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు. వేళ్ల అంచనాతో బిగిస్తే స్క్రూ వదులై కథ మళ్లీ మొదటికొస్తుంది. క్యాప్‌ను సిమెంటుతో అతికిస్తే చిగురు కింద ఒక్క పలుకు కూడా మిగలకూడదు, అది ఎముకను తినేస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తే విప్పక తప్పదు, అప్పుడు నా మాట పట్టుకుని మొండికేయకండి.

ఇక కంపెనీ. మంచి కంపెనీల్లో ఏదైనా ఒకటే. కానీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు మాత్రం అడిగి తీసుకోండి. భూపాలపల్లి నుంచి ఒకాయన వదులైన స్క్రూతో వచ్చాడు, ఎక్కడో దూరంగా వేయించుకున్నదట, ఏ కంపెనీదో ఆయనకు తెలియదు. నా సొరుగులో ఉన్న స్క్రూడ్రైవర్లేవీ దానికి పట్టలేదు.