ఆర్మేనియన్ అక్షరాలకు మాత్రమే వేరే ఫాంటు

ప్రశ్న: లినక్స్‌లో నోటో సాన్స్ ఆర్మేనియన్ ఇన్‌స్టాల్ చేశాను. అయినా ఆర్మేనియన్ అక్షరాలు పాత ఫాంటులోనే వస్తున్నాయి. ఇంగ్లిష్ రూపం మారకుండా ఆర్మేనియన్‌కు మాత్రం దీన్ని డిఫాల్టుగా పెట్టడం ఎలా? ఎక్కువగా వాడేది ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్.

జవాబు: ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఫాంటు వరసలో ముందుకు రాదు. ప్రోగ్రాము అడిగిన ఫాంటులో అక్షరం లేనప్పుడే సిస్టమ్ తర్వాతి దాన్ని వెతుకుతుంది. చాలా లినక్స్‌లలో ఉండే డెజావూ సాన్స్‌లో ఆర్మేనియన్ ఉంది. అది ముందుంటే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండుకు ఆర్మేనియన్ భాషాకోడ్ హెచ్‌వై ఇచ్చి చూడండి, ఇప్పుడు ఏ ఫాంటు వస్తోందో తెలుస్తుంది.

హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డరులో ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డరు, దానిలో ఫాంట్స్ డాట్ కాన్ఫ్ ఫైలు ఉండాలి. లేకపోతే సృష్టించండి. సాన్స్-సెరిఫ్‌కు (అక్షరాల చివర తోకలు లేని ఫాంట్ల రకం) ఒక ఏలియాస్, అంటే ఆ పేరు అడిగినప్పుడు వాడాల్సిన ఫాంట్ల జాబితా రాసి, దాని ప్రిఫర్ (ముందుగా వాడాల్సినవి) కింద ముందు మీ ఇంగ్లిష్ ఫాంటు, ఆ తర్వాతే నోటో సాన్స్ ఆర్మేనియన్ పెట్టండి. తిరగేస్తే ఖాళీలు, అంకెలు, విరామచిహ్నాలు కూడా ఆర్మేనియన్ ఫాంటు నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠం చెదిరినట్టు కనిపించవచ్చు.

అసలు చిక్కు ఇంకొకటి. ఆ ఇంగ్లిష్ ఫాంటులో ఆర్మేనియన్ అక్షరాలు ఉండకూడదు. మీది డెజావూయే అయితే దాని స్థానంలో బిట్‌స్ట్రీమ్ వేరా సాన్స్ పెట్టండి. డెజావూ పుట్టింది దీని నుంచే, ఇంగ్లిష్ అక్షరాల్లో తేడా పట్టుకోవడం కష్టం. ఆర్మేనియన్ మాత్రం ఇందులో లేదు. తర్వాత ప్రోగ్రాములు మూసి తెరవండి.

ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, ఫాంట్స్, అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, పైనున్న జాబితాలో ఆర్మేనియన్ ఎంచుకుని సాన్స్-సెరిఫ్ ఎదురుగా నోటో పెట్టండి. పేజీ తాను అడిగిన ఫాంటులోనే ఆర్మేనియన్ ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు కిందనున్న, పేజీలు సొంత ఫాంట్లు వాడుకోనిచ్చే టిక్కు తీసేయాలి. దాంతో అన్ని సైట్ల రూపమూ మారుతుంది కాబట్టి మరీ అవసరమైతేనే తీయండి.

లిబ్రెఆఫీస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ ఫాంటు మార్చి ప్రయోజనం లేదు. అది తెలుగు, అరబిక్ లాంటి లిపులకు. ఆర్మేనియన్‌ను అది పాశ్చాత్య లిపుల్లోనే లెక్కిస్తుంది. నోటోతో ఒక క్యారెక్టర్ స్టైల్ (ఎంచుకున్న అక్షరాలకు ఒకేసారి వేసే రూపం) చేసుకోండి. కంట్రోల్-హెచ్ నొక్కి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) టిక్కు పెట్టి, చదరపు బ్రాకెట్లలో ఆర్మేనియన్ మొదటి పెద్దక్షరం, అడ్డగీత, ద్రామ్ (ఆర్మేనియా కరెన్సీ) గుర్తు, బయట ఒక ప్లస్ టైపు చేయండి. ఫైండ్ ఆల్ నొక్కితే అన్నీ సెలెక్టవుతాయి, స్టైల్ వేయండి. ద్రామ్ గుర్తుకు బదులు ఆఖరి చిన్నక్షరం పెట్టి సరిపెట్టకండి. మన కోలన్‌లా కనిపించే ఆర్మేనియన్ ఫుల్‌స్టాప్ యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే ప్రమాణం) అక్షరాల తర్వాత 0589 దగ్గర ఉంది, అది పాత ఫాంటులోనే మిగిలిపోతుంది.