69 ఏళ్ళ వయసులో మొదటి తుపాకీ: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

ప్రశ్న: నా వయసు 69. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికా పౌరురాలు కావడంతో మా దంపతులకు గ్రీన్ కార్డులు వచ్చాయి. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అబ్బాయితో ఉంటున్నాం. వాడు హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తూ, షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. మా వీధిలోనే ఒక తెలుగువారి ఇంట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. అల్లుడుగారు తానే 12 గేజ్ షాట్‌గన్ కొనిస్తానంటున్నారు. దుకాణంలో మాత్రం చిన్న పిస్టల్ చూపించారు. నాకు కుడి బొటనవేలి కీలు నొప్పి. మా అన్నయ్య పోయాక నిద్ర పట్టక మాత్ర వేసుకుంటున్నాను, ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఇంట్లోకి తుపాకీ వస్తే అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతానంటోంది నా భార్య. శని, ఆదివారాల్లో 5, 9 ఏళ్ళ మనవలు వస్తారు. ఏది కొనమంటారు?

జవాబు: మీ భయం అకారణమైనది కాదు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందన్న సంగతి అక్కడి దొంగలకు బాగా తెలుసు. 2011 నుంచి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో భారత, ఆసియా సంతతి కుటుంబాల ఇళ్ళనే ఏరుకుని దోపిడీలు చేయించిన ముఠా నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. కాబట్టి ఇంటి రక్షణ గురించి ఆలోచించడం మీ వయసు తెచ్చిన చాదస్తమని ఎవరన్నా పట్టించుకోకండి. అయితే తుపాకీ మాత్రం ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఎప్పుడు కొనవచ్చో, అప్పుడు మీ చేతికి ఏది సరిపోతుందో కూడా చెబుతాను.

మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది మీ అన్నయ్యగారి గురించి రాసిన వాక్యం. తోబుట్టువు పోయిన దుఃఖం, పట్టని నిద్ర, దేని మీదా నిలవని మనసు ఒక మనిషిలో కలిసినప్పుడు ఆ ఇంట్లోకి కొత్తగా తుపాకీ రావడం ప్రమాదం. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆత్మహత్యల రేటు అన్ని వయసులకన్నా వృద్ధ పురుషుల్లోనే ఎక్కువ. మీకు అలాంటి ఆలోచన ఉందని నేను అనడం లేదు, కానీ ఉందా అని సూటిగా అడుగుతున్నాను, ఎందుకంటే అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తే ప్రాణం నిలుస్తుంది. బతకడం దండగ అన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆ రోజే అమ్మాయికి చెప్పండి, ఇలాంటి వేళల్లో సాయం చేసే 988 నంబరుకు ఫోన్ చేయండి. ఏ వేళనైనా పలుకుతారు, దుబాసీని ఏర్పాటు చేయమని అడగవచ్చు. ఆ తలపు లేకపోయినా ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, నిద్రమాత్ర అడిగి ఊరుకోకుండా, మనసు సంగతి కూడా చెప్పండి. నిద్రమాత్ర వేసుకున్నవారిని నడిరాత్రి ఏదో చప్పుడు లేపితే కాసేపటిదాకా తామెక్కడున్నదీ తెలియకపోవచ్చు. మీ ఇంట్లో ఆ వేళకు తలుపు తీసుకుని లోపలికి వచ్చేది మీ అబ్బాయి.

మనసు కుదుటపడి మాత్ర అవసరం తీరేదాకా చేయవలసిన పని చాలానే ఉంది. ముందుగా మీ వీధి తలుపు చూడండి. అక్కడి ఇళ్ళకు చెక్క ద్వారబంధాలు ఉంటాయి. గడియ వెళ్ళి దిగే ఇనుప పట్టీని సాధారణంగా అంగుళం కూడా లేని మరలతో ఆ పలుచని చెక్కకే బిగిస్తారు. తాళం ఎంత ఖరీదైనదైనా, బలంగా ఒక్క తన్ను తంతే పట్టీ పెళ్ళతో సహా ఊడి వస్తుంది. ఆ మరలు తీసి 3 అంగుళాలవి వేస్తే అవి ద్వారబంధాన్ని దాటి గోడలోని దుంగలోకి దిగుతాయి. బందుల మరలను కూడా అలాగే మార్చండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గట్టి రక్షణ మరొకటి నాకు తెలియదు. ఇల్లు అద్దెదైతే యజమానికి ఒక మాట చెప్పి చేయించండి. మనిషి కదలికకు వెలిగే దీపాలు, తలుపు దగ్గర కెమెరా, పడకగది తలుపుకు లోపలి నుంచి గట్టి గడియ, మంచం పక్కన ఎప్పుడూ ఛార్జింగులో ఉండే ఫోను తరువాతి అవసరాలు. బంగారాన్ని బ్యాంకు లాకరుకు తరలించండి, పెళ్ళిళ్ళకు పేరంటాలకు వేసుకున్న నగల ఫోటోలు అందరికీ కనబడేలా పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. దొంగలు ఎక్కువగా ఎవరూ లేని ఇంటికే వస్తారు. అప్పుడు తుపాకీ ఇంటిని కాపాడలేదు సరికదా, నగలతో పాటు అదీ పోతుంది.

ఇక చట్టం. మన దేశంలో తుపాకీ లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి తిరగవలసి రావచ్చు. టెక్సస్‌లో గ్రీన్ కార్డు ఉన్నవారు దుకాణంలో 4473 నంబరు ఫారం నింపి, నేపథ్య తనిఖీలో అడ్డు లేకపోతే ఆ రోజే తుపాకీతో ఇంటికి రావచ్చు. ఇంత సులువుగా దొరుకుతుంది కాబట్టే తొందరపడవద్దంటున్నాను. మీ కుటుంబంలో అసలు చిక్కు మీ అబ్బాయి వీసా. వలసేతర వీసా, అంటే శాశ్వత నివాసానికి కాక తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, మినహాయింపు వేట లైసెన్సు వంటి కొద్ది సందర్భాలకే. హెచ్-1బి కూడా అందులోకే వస్తుంది. తుపాకీ మీదే అయినా, సేఫ్ కోడ్ మీ అబ్బాయికి తెలిస్తే అది అతని అధీనంలోనూ ఉన్నట్టు లెక్కకట్టే ప్రమాదం ఉంది. కొనేముందు ఈ ఒక్క విషయం మీదనైనా ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చే బంధువుల చేతికి కూడా, సరదాకైనా, ఇవ్వకూడదు. మీ డబ్బుతో మీ కోసం అల్లుడుగారు తన పేరు మీద కొనడం ఫెడరల్ నేరం. తన సొమ్ముతో నిజంగా కానుకగా ఇవ్వడం వేరు. అయినా మీకు అర్హత ఉన్నప్పుడు మీరే కొనుక్కోవడం మేలు. తుపాకీ నేరాల్లో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని దేశం నుంచి పంపివేయవచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఇక మీరు అడిగిన ఎంపిక. 12 గేజ్ షాట్‌గన్ భుజాన్ని గట్టిగా వెనక్కి తన్నుతుంది. మొదటి రోజే భుజం కమిలితే మీరు మళ్ళీ సాధనకు వెళ్ళరు, సాధన లేని తుపాకీ ఇంట్లో ఉండకపోవడమే నయం. పైగా పొడుగు తుపాకీకి రెండు చేతులూ కావాలి, ఇరుకు నడవాలో తిప్పడం కష్టం. షాట్‌గనే కావాలనుకుంటే 20 గేజ్ కొంత నయం, గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. దుకాణంలో చూపించిన చిన్న పిస్టల్ చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఎంత చిన్నదైతే చేతిలో అంతగా ఎగురుతుంది, పైభాగాన ఉండే స్లైడ్‌ను వెనక్కి లాగడమూ అంత కష్టం. రివాల్వర్‌కు స్లైడ్ ఉండదు, కానీ దాని ట్రిగ్గర్ లాగడానికి 4, 5 కిలోల బలం పట్టవచ్చు. మీ బొటనవేలి నొప్పికి నా మొగ్గు స్లైడ్ సులువుగా కదిలేలా తయారైన మధ్యరకం పిస్టల్ వైపు. స్మిత్ అండ్ వెసన్ వారి షీల్డ్ ఈజీ ఆ కోవలోదే, .380, 9 మిల్లీమీటర్లు అనే రెండు తూటా రకాల్లోనూ దొరుకుతుంది, .380 చేతిని తక్కువగా తన్నుతుంది. స్లైడ్‌ను బొటనవేలితో గిల్లి లాగకుండా, ఎడమ అరచేతితో పైనుంచి గట్టిగా పట్టి, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకు నెట్టండి. అప్పుడు కీలు మీద భారం తగ్గుతుంది. కొనకముందు షూటింగ్ రేంజ్‌లో శిక్షకుడి పక్కన రకరకాలవి అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. చెవులకు, కళ్ళకు రక్షణ తప్పనిసరి.

పిస్టల్‌కే బిగించే దీపం వద్దు, చేతి టార్చి విడిగా ఉంచుకోండి. తుపాకీకి బిగించిన దీపంతో వచ్చిందెవరో చూడాలంటే తుపాకీని ఆ మనిషి మీదికి గురిపెట్టినట్టే, ఆ మనిషి మీ అబ్బాయి కావచ్చు. అక్కడి ఇళ్ళలో గదుల మధ్య గోడలు జిప్సం అట్టలు. గురి తప్పిన తూటా వాటిని దూసుకుపోయి పక్క గదిలో పడుకున్నవారికి తగలగలదు. అందుకే చప్పుడు వినగానే గదిగదికీ వెతుక్కుంటూ తిరగకూడదు. మీ దంపతులిద్దరూ పడకగదిలోనే తలుపు వేసుకుని 911కి ఫోన్ చేసి, మీ అబ్బాయి ఎక్కడున్నాడో ముందుగా తెలుసుకోవాలి. అర్ధరాత్రి లోపలికి వచ్చేముందు ఫోన్ చేసే అలవాటు అతనికి ఈ రోజు నుంచే చేయండి.

సేఫ్ తుపాకీ కన్నా ముందు ఇంటికి రావాలి. మీటలతో తెరుచుకుని, నేలకో గోడకో బిగించినదై ఉండాలి. దిండు కింద, బీరువా పైన, బట్టల మడతల్లో దాచడం వద్దు. తాతగారి గదిలో ఏది ఎక్కడుందో తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మీకన్నా బాగా తెలుస్తుంది. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి కాల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ మీ నిర్లక్ష్యం వల్ల అందితే అదే నేరం, పిల్లవాడు దాన్ని పేల్చి ఎవరికైనా ప్రాణాపాయం కలిగితే శిక్ష ఇంకా పెద్దది. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం కింద చాలా పోలీసు స్టేషన్లలో తుపాకీలోకి తీగ దూర్చి వేసే కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు. వారాంతాల్లో సేఫ్‌లో ఉన్న తుపాకీకి కూడా అది వేయండి.

మీ శ్రీమతిగారి మాటను బెదిరింపుగా తీసుకోకండి. ఆ తుపాకీ పక్కన రాత్రంతా పడుకునేది ఆవిడ, మీరు నిద్రపోని రాత్రుల్ని చూస్తున్నదీ ఆవిడే. ఆవిడకు ఏ భయం ఉందో అడగండి, మధ్యలో జవాబు చెప్పకుండా చివరిదాకా వినండి. తుపాకీ భయమా, మీ గురించిన భయమా అన్నది అప్పుడే తేలుతుంది. తలుపు, దీపాలు, లాకరు పనులు ఇద్దరూ కలిసి చేయించండి. మీరు కుదుటపడ్డారని డాక్టరు చెప్పిన తరువాత కూడా మీకు తుపాకీ కావాలనిపిస్తే, భద్రతా శిక్షణకు ఆవిడను తోడు రమ్మనండి. అది చూశాక కూడా ఆవిడ వద్దంటే కొనకండి. ఈ ఒక్క విషయంలో ఇంట్లో ఒకరి అభ్యంతరం చాలునని నా అభిప్రాయం.

కొన్నారే అనుకుందాం, సంక్రాంతికి ఊరికి వచ్చేటప్పుడు దాన్ని అబ్బాయికి అప్పగించి రాకూడదు. మనవలున్న అమ్మాయి ఇంట్లో ఉంచాలంటే అక్కడా విడిగా సేఫ్ ఉండాలి, లేకపోతే భద్రపరిచే సౌకర్యం ఉన్న తుపాకుల దుకాణంలో ఉంచండి. రేంజ్‌కు తీసుకెళ్ళే సంచిని ప్రయాణానికి వాడకండి. దాని అరల్లో మరిచిపోయిన తూటా ఒక్కటి శంషాబాద్ విమానాశ్రయంలో బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవలసి వస్తుంది.