రెండేళ్ల గ్యాప్, మామ చూపిన దారి

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. 2022లో బీకాం అయ్యాక అనంతపురంలో ఒక ఆడిటర్ దగ్గర ఏడాది పనిచేశాను. నాన్నకు పక్షవాతం రావడంతో ఇంటికొచ్చి రెండేళ్లుగా సేద్యం చూస్తున్నాను. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. వచ్చే గురువారం బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. గ్యాప్ ఉంటే తీసుకోరని, ముప్పై వేలు కట్టి ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ తెప్పిస్తానని మా మేనమామ అంటున్నాడు. నాన్న వైద్యానికి ఆదుకున్నది ఆయనే, కాదనలేను. ఇంగ్లీషు అంతంతే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ సర్టిఫికెట్ వద్దు. దొరికిపోతారు. 20 మంది, ఆపైన పనిచేసే సంస్థలు పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) పరిధిలోకి వస్తాయి. జమైన సొమ్మంతా ఉద్యోగి 12 అంకెల పీఎఫ్ నంబరు, యూఏఎన్ కింద కనిపిస్తుంది. రెండేళ్లు చేశానని చెప్పి ఒక్క నెల జమ కూడా చూపించలేకపోతే ఏమంటారు? పైగా ఈ వెరిఫికేషన్ చాలాసార్లు ఉద్యోగంలో చేరాకే పూర్తవుతుంది. రూము అడ్వాన్సు కట్టి, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాక పొమ్మంటే ఆ బాధ ముప్పై వేలతో పోదు.

అసలు సర్టిఫికెట్ మీకు ఊరికే వస్తుంది కదా! ఆడిటర్ గారి దగ్గర ఏడాది చేశారు. రేపే వెళ్లి లెటర్ అడగండి. అలాగే రెండు పూటలు అక్కడ కూర్చుంటానని బతిమాలుకోండి. గ్యాప్ కన్నా నాకు భయం అక్కడే, రెండేళ్లలో సబ్జెక్టు తుప్పు పట్టి ఉంటుంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకోవడం) ఎప్పుడు రాదు, బ్యాంకు స్టేట్‌మెంటుకూ మన పుస్తకానికీ తేడా వస్తే ఎలా సరిచూస్తారు, ఇలాంటివి తడుముకోకుండా చెప్పాలి.

గ్యాప్ గురించి అడుగుతారు, తప్పదు. "నాన్నకు పక్షవాతం వచ్చింది. రెండేళ్లు పొలం, దాని లెక్కలు నేనే చూశాను. ఇప్పుడు ఆయన నడుస్తున్నారు, నేను ఉద్యోగానికి సిద్ధం." అంతే, ఆపేయండి. చాలామంది ఇక్కడ ఆపలేక కష్టాలన్నీ ఏకరువు పెడతారు. లెక్కలేమిటని అడిగితే విత్తనానికి ఎంతయింది, కూలీలకు ఎంత, శనక్కాయలు ఏ ధరకు పోయాయి, పంట రుణం ఎంత తీర్చారో చెప్పండి. అకౌంట్స్ అంటే అదే కదా. ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో గట్టిగా, పదిసార్లు పలకండి. మనసులో అనుకుంటే సరిపోదు, నోరు తిరగాలి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పేమీ కాదు.

ఇక మామయ్య. "మామా, పీఎఫ్ లెక్క చూస్తారంట, దొరికితే ఉద్యోగం పోతుంది" అనండి. నెపం పీఎఫ్ మీదకు పోతుంది, ఆయన పెద్దరికం ఆయనకు ఉంటుంది. ఆదివారం ఎదురుగా కూర్చుని మిమ్మల్ని ప్రశ్నలడిగే పని కూడా ఆయనకే ఇవ్వండి. మేనల్లుడి కోసం ఏదో ఒకటి చేయాలని ఉంది ఆయనకు, చేయనివ్వండి.

బుధవారం రాత్రికే బెంగళూరు చేరండి. గురువారం పొద్దున బస్సులో వెళ్తే హెబ్బాళ ట్రాఫిక్‌లోనే సగం ధైర్యం కరిగిపోతుంది. ఆ రెండు రోజులు నాన్నగారికి మందులు ఎవరు వేస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. లేకపోతే ఇంటర్వ్యూలో కూర్చున్నా మీ చెవి ఫోను మీదే ఉంటుంది.