అపార్ట్‌మెంట్‌లో గిటార్ ఆంప్: కింది ఫ్లాటుకు వినపడకుండా ఎలా?

చిరంజీవికి ఆశీస్సులు.

కూకట్‌పల్లి ఫ్లాటులో నీ గది ఫొటోలు చూశాను. 15 వాట్ల ట్యూబ్ ఆంప్‌ని, అంటే వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెని, నేరుగా టైల్స్ మీద పెట్టావు. గోడల నిండా పిరమిడ్ ఫోమ్ అంటించాలంటున్నావు. ఆ ఫోమ్‌కి ఇంకా డబ్బు కట్టకపోతే ఆగిపో. ఫోమ్ అయినా గుడ్ల అట్టలైనా గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయి, మైక్ పెట్టి రికార్డు చేసేవాడికి పనికొస్తాయి, అంతే. గోడ దాటే శబ్దాన్ని ఆపవు. నీ గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ అల పొడవు 4 మీటర్ల పైనే. రెండంగుళాల స్పాంజి దానికి లెక్కే కాదు. శబ్దాన్ని ఆపేవి బరువు, గాలి దూరని అతుకు, ఒకదానికొకటి తగలని పొరలు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండింటి ఫలితం తగ్గిపోతుంది.

ముందు నేల సంగతి. కింది ఫ్లాటు వాళ్లు చెప్పే ‘ధమ్ ధమ్’ చాలావరకు గాల్లోంచి వచ్చేది కాదు. ఆంప్ పెట్టె అదురు టైల్‌లోకి, టైల్ నుంచి స్లాబులోకి పోతుంది. ఇవాళే చేయగల పని ఒకటుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న తాండూరు బండ తెచ్చుకో, అది దాదాపు 24 కిలోలు ఉంటుంది. దాని కింద నాలుగు మూలలా పరుపుల షాపులో దొరికే రీబాండెడ్ ఫోమ్ (తుక్కు ఫోమ్‌ను అతికించి చేసిన గట్టి ఫోమ్) ముక్కలు పెట్టు. బండ మీద ఆంప్. బరువు ఎక్కాక ఫోమ్ పావు వంతు మించి అణగకూడదు. పూర్తిగా అణిగితే అది గట్టి చెక్కతో సమానం, అదురు నేరుగా దిగిపోతుంది. అసలు అణగకపోయినా లాభం లేదు, స్ప్రింగులా ఆడితేనే పని చేస్తుంది. గట్టి రబ్బరు మ్యాటు చాలామందికి పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆంప్ వీపు గోడకు ఆనకుండా చూడు.

తర్వాత వాట్ల లెక్క. నీ 12 అంగుళాల స్పీకరు లాంటివి ఒక వాటుకే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తాయి. కాబట్టి 15 వాట్లను పదో వంతుకు, అంటే ఒకటిన్నర వాటుకు తగ్గించినా 10 డెసిబెల్సే తగ్గుతాయి, చెవికి సగం అయినట్టుంటుంది. ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య పెట్టి పవర్ తగ్గించే పరికరం అటెన్యుయేటర్. 30 డెసిబెల్స్ తగ్గించేది పెడితే స్పీకరుకు 0.015 వాట్లే అందుతుంది, అయినా గట్టిగా పెట్టిన టీవీ అంత మోత వస్తుంది. ఐదు వాట్ల ఆంప్ కొంటే సరిపోతుందని నీకెవరో చెప్పింది ఇందుకే తప్పు. 15కీ 5కీ తేడా 5 డెసిబెల్స్ కూడా లేదు.

అటెన్యుయేటర్ కొంటే ఓమ్స్ (విద్యుత్ నిరోధం అంకె) సరిపోల్చుకో. ఆంప్ వెనక 8 అని ఉంటే 8 ఓమ్స్‌దే. అది తట్టుకునే వాట్లు ఆంప్ వాట్లకు రెట్టింపు ఉండాలి. ట్యూబ్ ఆంప్‌ని స్పీకరు గానీ, దాని బదులు పవర్‌ను తీసుకునే లోడ్ గానీ తగిలించకుండా ఒక్క నిమిషం కూడా వాయించకు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్పీకరు తీగగా గిటార్ కేబుల్ వాడకు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి తీగ కావాలి. వాల్యూమ్ తగ్గితే చెవికి బేస్ తక్కువ వినిపిస్తుంది, దాన్ని పెంచాలనిపిస్తుంది. పెంచకు, కిందికి దిగేది అదే.

నిజంగా ఆంప్ వాల్యూమ్ బాగా పెంచి వాయించాలంటే స్పీకరు చుట్టూ శబ్దం ఆపే పెట్టె కట్టాలి. అందులోకి వెళ్లేది స్పీకరూ మైకూ మాత్రమే, ఆంప్ బయటే ఉండాలి. ట్యూబుల వేడికి మూసిన పెట్టెలో ఆంప్ ఉడికిపోతుంది. నీది కాంబో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నది) కాబట్టి దాని స్పీకరు తీగ విప్పి, పెట్టెలోని స్పీకరుకు కలుపు.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 × 4 షీట్లు రెండు తీసుకో. మొదటి షీటును నాలుగు 3 × 2 అడుగుల ముక్కలుగా, రెండు 2 × 2 ముక్కలుగా కోస్తే ఒక్క అంగుళం వృథా కాకుండా బయటి పెట్టె వస్తుంది. రంపం ప్రతి కోతలో మూడు మిల్లీమీటర్లు తింటుంది, అది గుర్తుంచుకుని కొలతలు ఇవ్వు. రెండో షీటుతో 30 × 18 × 18 అంగుళాల లోపలి పెట్టె. మిగిలిన చెక్క స్పీకరు బిగించే పలకకు సరిపోతుంది. లోపలి పెట్టె కింద కూడా ఫోమ్ ముక్కలే. రెండు పెట్టెల మధ్య అన్ని వైపులా రెండుంపావు అంగుళాల ఖాళీ వస్తుంది, అందులో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి పీచు పరుపు), ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రతది, వదులుగా నింపు. చేతులకు గ్లోవ్స్, ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పీచు చర్మానికి మంట పెడుతుంది.

ఇక్కడే పని చెడేది. రెండు పెట్టెలనూ ఒక్క స్క్రూ కలిపినా అదురు దాని వెంటే బయటికొస్తుంది. వడ్రంగికి ఇది ముందే చెప్పు, లేకపోతే గట్టిగా ఉండాలని రెండూ కలిపి బిగించేస్తాడు. ప్రతి అతుకులో సిలికాన్ పూయించు. మూతలు రెండూ పైకి తెరుచుకోవాలి, రెండింటి అంచులకూ రబ్బరు గ్యాస్కెట్ (సందు మూసే పట్టీ) వేసి గొళ్లేలతో నొక్కి బిగించాలి. తీగల రంధ్రాలు లోపలిదీ బయటిదీ ఎదురెదురుగా ఉండకూడదు, తీగ దూర్చాక సందు పూడ్చేయాలి.

స్పీకరు పలకను పెట్టెను రెండుగా విభజించేలా నిలబెట్టు. వెనక 12 అంగుళాలు, ముందు 16 అంగుళాలు, మైకుకి. ముందు భాగం గోడలకు అంగుళం మందం రాక్‌వూల్‌ను పలచటి గుడ్డలో చుట్టి వెయ్యి. లేకపోతే డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. మైక్‌ని స్పీకరు కాగితపు కోన్ నుంచి ఒకటి, రెండు అంగుళాల దూరంలో, కోన్ నడిమధ్య ఉన్న గుండ్రటి టోపీ అంచుకు గురిపెట్టు. గంటకోసారి మూతలు తెరిచి చల్లారనివ్వు. స్పీకరు తీసుకునే కరెంటులో అధికభాగం వేడే అవుతుంది.

మొత్తం బరువు 70, 75 కిలోలు వస్తుంది. స్లాబు గురించి భయపడకు. ఇళ్లకు చదరపు మీటరుకు 200 కిలోల లెక్కతో కడతారు, నీ పెట్టె అంతకు తక్కువే.

గది విషయంలో తలుపొక్కటే చూసుకో. తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు ఉంటే ఎంత మందపు తలుపైనా 23 డెసిబెల్స్ మించి ఆపలేదు. కింద డ్రాప్ సీల్ (తలుపు మూయగానే దిగి సందు మూసే పట్టీ), చుట్టూ రబ్బరు పట్టీ వేయించు. స్లైడింగ్ కిటికీ బ్రష్‌ల మధ్య గాలి దూరుతుంది, పెట్టెను దానికి దూరంగా, లోపలి గోడ పక్కన పెట్టు.

పరీక్ష ఇలా చెయ్యి. లూపర్‌లో (రికార్డు చేసింది మళ్లీ మళ్లీ వినిపించే పెడల్) లావు తీగ మీద ఒక చిన్న బాణీ రికార్డు చేసి ఆదివారం మధ్యాహ్నం తిప్పు. కింది ఫ్లాటుకు వెళ్లి వాళ్ల పడకగదిలో నిలబడి విను. శబ్దం కొలిచే ఫోన్ యాప్‌లో సీ-వెయిటింగ్ (బేస్‌ను దాదాపు ఉన్నదున్నట్టు లెక్కించే పద్ధతి) పెట్టు. ఏ-వెయిటింగ్ 80 హెర్ట్జ్ దగ్గర 22 డెసిబెల్స్ దాకా కోసేస్తుంది, నీ లావు తీగ కనపడదు. యాప్ అంకెను ముందూ తర్వాతా పోల్చుకోవడానికే నమ్ము. 2000 నాటి కేంద్ర నియమాల ప్రకారం నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఆ వేళల్లో పెట్టె ఉన్నా హెడ్‌ఫోన్సే పెట్టుకో. కింది ఫ్లాటు ఆవిడ పిల్లాణ్ణి ఎప్పుడు పడుకోబెడుతుందో అడిగి తెలుసుకో, ఆ గంటలు వదిలెయ్యి.

ప్లై కోయించేముందు కొలతల కాగితం ఫొటో తీసి నాకు పంపు.

మీ బాబాయ్