జింజర్ కథను శృంగవేరం దగ్గరే ఆపకు

అమ్మాయీ,

‘జింజర్’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వచనం హాయిగా నడిచింది. కానీ అల్లానికి సంస్కృతంలో ఉన్న ‘శృంగవేరం’ అనే పేరు కనిపించగానే, శృంగం అంటే కొమ్ము, కొమ్ములాంటి ఒళ్లున్నది కాబట్టి ఆ పేరు వచ్చిందని ముగించేశావు. ముచ్చటైన కథే. ముచ్చటగా ఉన్నచోటే ఇంకొంచెం తవ్వాలి.

ఇంగ్లిష్‌కు ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది, ఫ్రెంచి రూపం తర్వాత తోడైంది. అది రెండు వాక్యాల్లో చెప్పెయ్యి. లాటిన్‌కు ముందు గ్రీకు ‘జింగిబెరిస్’ ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, అల్లం మిరియాల చెట్టు వేరని కొందరు అనుకుంటున్నారు, అది నిజం కాదు అని రాయాల్సి వచ్చింది. ఈ సంగతి నీ వ్యాసంలో తప్పక ఉండాలి. సరుకు ఓడల్లో వెళ్లింది, మొక్కను చూసినవాళ్లు అక్కడ లేరు. సరుకుతోపాటే పేరూ వెళ్లింది. కాబట్టి ఆ సరుకు పండే దక్షిణాదిలో ఏమంటారో చూడాలి.

గ్రీకు మాట శృంగవేరం కన్నా, బౌద్ధ గ్రంథాల భాష పాళీలోని ‘సింగివేర’కే దగ్గర. ఇక తమిళంలో అల్లాన్ని ‘ఇంజి’ అంటారు, ‘వేర్’ అంటే మన తెలుగు ‘వేరు’, చెట్టు వేరు. మరి ఇంజికి ముందు ఆ ‘స’ ఎక్కడిదని నువ్వు అడగాలి. దక్షిణ ద్రావిడ భాషల్లో చాలా మాటల మొదట్లో ఉన్న ‘చ’కారం రాలిపోయింది. మనం ‘ఆరు’ అనే అంకెను ఆదిలాబాద్ వైపు గోండులు ‘సారూంగ్’ అంటారు, చూడు! ఆ మొదటి హల్లు అక్కడ ‘స’గా ఇంకా బతికే ఉంది. అలాగే ఇంజికి ముందు ‘చింగి’ లాంటి రూపం ఉండేదని, పాళీలోని ‘స’ దానికి సాక్ష్యమని భాషావేత్తలు తేల్చారు. కొమ్ము అర్థం సంస్కృతంలో తర్వాత అతికింది.

‘చింగి’ ఏ శాసనంలోనూ దొరికిన మాట కాదు, పోల్చి కట్టిన రూపం. అలాంటివాటి ముందు నక్షత్రం గుర్తు పెడతారు, నువ్వూ పెట్టు. మన ‘అల్లం’ వేరే మాట, అభిమానం కొద్దీ దాన్ని ఇందులోకి లాగకు. కొమ్ము కథను మాత్రం తీసెయ్యకు. సంస్కృతం ఆ మాటను ఎలా తనది చేసుకుందో చెప్పే చోట అది బాగా పనికొస్తుంది.

తిరగరాసి పంపు. టెన్షన్ పడకు, ఎన్నిసార్లయినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు